గిటారు పట్టిన చేతికి సోలార్ పంపు

2025 సంక్రాంతికి ఊరూరా మోగిన ఆ గొంతు ఎవరిదో తెలుగువాళ్లందరికీ తెలుసు. ఆ గొంతు యజమాని ఇన్నాళ్లూ ఏం చేస్తున్నాడన్నదే చాలామందికి తెలియదు. పాప్ పాటకూ పంట నీటికీ మధ్య రమణ గోగుల నడిచిన దారిని మిరప పండించే పల్నాడు జిల్లా బెల్లంకొండ గట్టున నిలబడి చూస్తే...

సంక్రాంతి నాటికి పల్నాడులో మిరప కోతలు ఊపందుకుంటాయి. కూలీలను తోలుకెళ్లే ఆటోల్లో, టిక్కీలు (మిరప బస్తాలు) మోసే ట్రాక్టర్ల మీద ఆ నెలంతా ఏదో ఒక సినిమా పాట మోగుతూనే ఉంటుంది. 2025లో ఆ పాట ‘గోదారి గట్టు’. డిసెంబరు మొదట్లో బయటికొచ్చింది. జనవరి 14న ‘సంక్రాంతికి వస్తున్నాం’ థియేటర్లలోకి దిగేలోపే పిల్లల నోటికీ పెద్దల ఫోన్లకూ ఎక్కేసింది. భీమ్స్ సిసిరోలియో బాణీ, భాస్కరభట్ల సాహిత్యం, జోడీగా మధుప్రియ గొంతు. బెల్లంకొండ మండలం నుంచి ఆ సినిమాకని సత్తెనపల్లికో పిడుగురాళ్లకో బండి తీసినవాళ్లలో నలభై దాటినవారికి మగ గొంతు ఎవరిదో ఒకరు చెప్పాల్సిన పనిలేదు. కాస్త గరుకు, కాస్త బద్ధకం, పదం చివర చిన్న విరుపు. ‘తమ్ముడు’ క్యాసెట్‌ను టేపు నలిగేదాకా విన్న తరం అది.

‘ఇన్నాళ్లూ ఏమైపోయాడీయన?’ అన్న ప్రశ్న ఆ పండగంతా తిరిగింది. సినిమావాళ్లు మాయమైతే మనకు తెలిసిన కారణాలు రెండే: అవకాశాలు తగ్గాయి, లేదా రాజకీయాల్లోకి వెళ్లారు. రమణ గోగుల విషయంలో రెండూ కావు. ఆయన అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ, చిన్న రైతు కోసం సూర్యరశ్మితో నడిచే నీటి పంపు మీద పనిచేశారు.

బ్యాండు నుంచి బోరు దాకా

విశాఖపట్నం కుర్రాడు, ఐఐటీ ఖరగ్‌పూర్‌లో చదివిన ఇంజనీరు. తొంభైల నడుమ దేశంలో పాప్ ఆల్బమ్‌ల గాలి వీస్తున్నప్పుడు ‘మిస్టీ రిథమ్స్’ అనే బ్యాండుతో ‘ఆయే లైలా’ ఆల్బమ్ చేశారు. ఎంటీవీ, ఛానల్ వీ చూసే కుర్రకారుకు అలా పరిచయమయ్యారు. అక్కడి నుంచి తెలుగు సినిమా ఆయన్ని లాక్కొచ్చింది. 1998లో వెంకటేశ్ ‘ప్రేమంటే ఇదేరా’, 1999లో ‘తమ్ముడు’, 2000లో ‘బద్రి’, ‘యువరాజు’, 2003లో ‘జానీ’. తెలుగు సినిమాలో మొత్తం ఇంగ్లిష్‌లోనే సాగే పాట పెట్టి, దానికి మాస్ థియేటర్లో ఈలలు వేయించిన ఘనత ఆయనదే. ఈ ప్రయోగాలన్నింటినీ పెద్దలు హర్షించారని చెప్పలేం. ‘ఇది పాటా, వచనమా’ అని విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. వినేవాళ్లు మాత్రం విన్నారు. 2006లో ‘లక్ష్మి’, ‘అన్నవరం’, 2007లో ‘యోగి’ వచ్చాయి. 2013లో ‘1000 అబద్ధాలు’, ‘వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్’ చేసి ఊరుకున్నారు.

పాటలు మోగుతున్న రోజుల్లోనూ ఆయన టెక్నాలజీ ఉద్యోగాన్ని వదల్లేదు. బెంగళూరులో ‘లిక్విడ్ క్రిస్టల్’ అనే సంస్థ పెట్టి సాంకేతిక విద్య మీద పనిచేశారు. ఆ తర్వాత స్టాన్లీ బ్లాక్ అండ్ డెకర్ అనే అమెరికా కంపెనీలో పెద్ద బాధ్యతలోకి వెళ్లారు. పేరు కొత్తగా అనిపిస్తే మీ ఊరి వడ్రంగి జేబులోని పసుపు రంగు కొలత టేపు చూడండి, దాని మీద స్టాన్లీ అని ఉండే అవకాశం ఎక్కువ. 1843లో కనెక్టికట్‌లోని న్యూ బ్రిటన్ పట్టణంలో గడియలు, కీళ్లు చేసే దుకాణంగా పుట్టి, 2010లో బ్లాక్ అండ్ డెకర్‌తో కలిసిన సంస్థ. సుత్తులు, డ్రిల్లులు అమ్ముకునే ఆ కంపెనీ లోపల ‘స్టాన్లీ ఎర్త్’ అనే విభాగం మొదలైంది. లాభం ఒక్కటే కాకుండా సమాజానికి పనికొచ్చే వస్తువు చేయాలన్నది దాని ఉద్దేశం. ఎంచుకున్న వస్తువు చిన్న రైతుకు సౌరశక్తితో నీళ్లు తోడిపెట్టే పంపు. ఆ పనిని నడిపించినవారు రమణ గోగుల.

తెలుగువాళ్లకు ఇందులో మరీ వింతపడాల్సిందేమీ లేదు. మనకు నీళ్లు తోడటమూ పాడటమూ ఒకప్పుడు ఒకే పని. ఏతం తొక్కేవాడు దూలం మీద ముందుకూ వెనక్కూ నడుస్తూ, ఎన్ని బానలు పోశాడో పాటలోనే లెక్కపెట్టుకునేవాడు. మోట తోలేవాడు ఎడ్లు వాలులోకి దిగేటప్పుడు రాగం తీసేవాడు. జానపద గేయాలు సేకరించినవాళ్లు ఏతం పాటలకు ప్రత్యేకంగా చోటిచ్చారు. ఆయిల్ ఇంజన్ వచ్చి దాని డబడబ ముందు ఏ పాటా వినపడకుండా చేసింది. కరెంటు మోటారు వచ్చాక మనిషే బోరు దగ్గర ఉండాల్సిన అవసరం లేకుండా పోయింది.

బెల్లంకొండలో నీళ్ల లెక్క

రెడ్డిరాజుల కాలం నుంచీ కొండ మీద కోట ఉన్న ఊరు బెల్లంకొండ. 1515లో కొండవీడు మీదికి వచ్చిన శ్రీకృష్ణదేవరాయల దండయాత్రలో ఈ కోట పేరూ ఉంది. ఇప్పుడు ఈ మండలం పేరు వినగానే గుర్తొచ్చేది పులిచింతల. కృష్ణ మీద 45.77 టీఎంసీల సామర్థ్యంతో కట్టిన ఆ జలాశయం కింద ఊళ్లకు ఊళ్లే మునిగాయి. కోహినూరు పుట్టిల్లని చెప్పుకునే కొల్లూరు వజ్రాల గనులూ అందులోనే ఉన్నాయి. డెల్టా పంటకు నీరు ఆపిపెట్టడానికి కట్టిన జలాశయం అది. దాని ఒడ్డున ఉన్న మెట్ట చేలకు మాత్రం బోరే దిక్కు.

వాతావరణ మార్పు అంటే ఐక్యరాజ్యసమితి సభల్లో మాట్లాడుకునే సంగతని ఇక్కడ ఎవరూ అనుకోరు. వరసగా నాలుగేళ్లు చూడండి. 2021 ఆగస్టు 5 తెల్లవారుజామున పులిచింతల 16వ నంబరు గేటు వరదకు కొట్టుకుపోయింది. మరమ్మతు కోసం నిండుకుండలాంటి జలాశయాన్ని ఖాళీ చేయాల్సి వచ్చింది. అదే సీజన్లో మిరప పూతలోకి నల్ల తామర పురుగు దిగి పల్నాడు, గుంటూరు చేలను ఊడ్చేసింది. 2023లో కృష్ణా పరీవాహకంలో వానలు ముఖం చాటేశాయి. కాలువ నీళ్ల మీద ఆశ పెట్టుకున్నవాళ్లు ఆకాశం వైపు చూస్తూ కూర్చుంటే, డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపాను చేలను ముంచింది. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద పారింది, బ్యారేజీ చరిత్రలో అంత వరద ముందెన్నడూ రాలేదు. ఎండ సంగతి చెప్పనే అక్కర్లేదు. రాష్ట్రంలో ఎండలు ఎక్కడ ఎక్కువంటే బడిపిల్లలు కూడా రెంటచింతల అంటారు. అది ఈ జిల్లాలోనే ఉంది.

ఇన్ని చూసిన రైతుకు కావాల్సింది నమ్మకంగా దొరికే ఒక తడి. పూత మీద ఉన్న మిరపకు వారం ఆలస్యమైతే పూత రాలిపోతుంది. ఆ ఒక్క తడి కోసమే డీజిల్ క్యాన్ పట్టుకుని పెట్రోలు బంకు దగ్గర నిలబడేది. లీటరు డీజిల్ కాలిస్తే సుమారు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలోకి వెళ్తుంది. రైతుకు ఆ లెక్క పట్టకపోవచ్చు కానీ, లీటరు ధర పడుతుంది. దేశంలో మూడు కోట్ల దాకా వ్యవసాయ పంపులుంటే వాటిలో సుమారు 80 లక్షలు డీజిల్‌వేనన్నది చాలాకాలంగా కేంద్రం చెబుతున్న అంచనా. స్టాన్లీ ఎర్త్ లాంటి ప్రయత్నాలకు గిరాకీ ఇక్కడే.

సోలార్ పంపు దగ్గర ఓ పగలు గడిపితే దాని స్వభావం అర్థమవుతుంది. ఐదు హార్స్‌పవర్ మోటారుకు దాదాపు ఐదు కిలోవాట్ల ఫలకలు కావాలి. అంటే ఇప్పటి సైజుల్లో తొమ్మిదో పదో ఫలకలు. బ్యాటరీ ఉండదు. పొద్దున ఎనిమిదింటికి గొట్టం నుంచి సన్నటి ధార మొదలవుతుంది. ఎండ ఎక్కేకొద్దీ లావెక్కి, మిట్టమధ్యాహ్నం గట్టిగా దూకుతుంది. మబ్బు అడ్డం వస్తే ధార బలహీనపడుతుంది, ఆగిపోయిందేమో అనిపిస్తుంది. మబ్బు జరగ్గానే కంట్రోలర్ మళ్లీ మోటారు వేగం పెంచుతుంది. అందుకే తెలివైన రైతు నీళ్లను నేరుగా చేలోకి వదలడు. గట్టున తొట్టె కట్టి నింపుకొని, డ్రిప్‌తో పెట్టుకుంటాడు. బ్యాటరీ పనంతా ఆ తొట్టే చేస్తుంది. ఫలకల మీద దుమ్ము తుడవడం మరో పని. సున్నపు బట్టీల పొగ, సిమెంటు లారీల దుమ్ము తిరిగే పల్నాడులో ఈ తుడుపు బద్ధకిస్తే నీళ్లు తగ్గుతాయి.

ఉచిత కరెంటున్న చోట సోలార్ ఎందుకు?

ఈ కథలో అసలు చిక్కు ఇది. సోలార్ పంపు గురించి ఆఫ్రికాలోనో బిహార్‌లోనో చెప్పినంత తేలిగ్గా బెల్లంకొండలో చెప్పలేం. 2004 మే 14న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి తొలి సంతకంతో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. ఇప్పుడది పగటిపూట తొమ్మిది గంటలు. కనెక్షన్ ఉన్న రైతుకు కరెంటు బిల్లు లేదు. ఉన్న మోటారు తీసి ఫలకలు పెట్టుకో అంటే ‘ఎందుకయ్యా, నాకేం మిగులుద్ది?’ అని అడుగుతాడు. అడగడంలో తప్పులేదు.

కానీ ఉచితం అంటే రైతుకు ఉచితం, గాలికి కాదు. మన దేశ కరెంటులో ఇప్పటికీ ఎక్కువ భాగం బొగ్గు నుంచి వస్తున్నదే. పల్నాటి చేలో మోటారు తిరగాలంటే ఎక్కడో బొగ్గు కాలుతూనే ఉంటుంది. దానికి తోడు ఆటో స్టార్టర్ల తంతు. షెడ్డులో ఆ చిన్న పెట్టె బిగిస్తే కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. లైనులో ఉన్న మోటార్లన్నీ ఒక్క క్షణంలో లేచి నిలబడతాయి, ట్రాన్స్‌ఫార్మర్ మీద బరువంతా ఒక్కసారే పడుతుంది. అది కాలిపోతే కొత్తది వచ్చేదాకా ఎన్ని తడులు పోతాయో ఆ రైతుల్ని అడగాలి. మడి నిండినా, చేను చాలన్నా మోటారుకు తెలియదు. భూగర్భజలం ఇలాగే కిందికి జారిపోయింది. 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం తెచ్చుకున్నా బోర్ల పోటీ ఆగలేదు.

సోలార్ పంపుతో ఈ జబ్బు నయమవుతుందా అంటే, జాగ్రత్తపడకపోతే ముదురుతుంది. ఒకసారి పెట్టాక ఎండకు ఖరీదు లేదు, తోడితే ఆపేవాడు లేడు. ఈ మాట సోలార్ పంపులు అమ్మేవాళ్లు గట్టిగా చెప్పరు. గుజరాత్‌లో దీనికి ఒక విరుగుడు వెతికారు. ఖేడా జిల్లా ఢుండి అనే ఊళ్లో అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ సాయంతో సోలార్ పంపుల రైతులు సహకార సంఘం పెట్టుకున్నారు. 2016 నుంచి మిగులు కరెంటును గ్రిడ్‌కు అమ్ముతున్నారు. నీళ్లు ఎక్కువ తోడితే అమ్ముకునే కరెంటు తగ్గుతుంది. కాబట్టి మోటారు ఆపుకునే బుద్ధి లెక్కతోనే పుడుతుంది. కేంద్రం 2019లో తెచ్చిన పీఎం కుసుమ్ పథకంలో ఇలాంటి రైతులకు పనికొచ్చే దారులు రెండున్నాయి. లైను లేని చోట విడి సోలార్ పంపుకు రాయితీ ఒకటి. ఊరి వ్యవసాయ ఫీడర్‌కే సోలార్ ప్లాంటు కట్టి రైతుల మోటార్లను ఉన్నవి ఉన్నట్టు నడిపించడం రెండోది. బెల్లంకొండ లాంటి చోట కనెక్షన్లున్న చేలకు ఈ రెండోదే మేలు. లైను వెళ్లని గుట్ట అంచు చేలకు, జలాశయం వెనుక జలాల నుంచి ఆయిల్ ఇంజన్‌తో నీరు లాగేవాళ్లకు మాత్రం విడి పంపే దారి. అందరికీ ఒకే మందు రాస్తే పనిచేయదు.

స్టేజీ మీద వాతావరణం

వాతావరణాన్ని పట్టించుకున్న సంగీతకారుడు రమణ గోగుల ఒక్కరే కాదు. ‘సంక్రాంతికి వస్తున్నాం’ ఆడుతున్న జనవరిలోనే బ్రిటన్ బ్యాండు కోల్డ్‌ప్లే ముంబయిలో మూడు రాత్రులు, అహ్మదాబాద్‌లో రెండు రాత్రులు పాడింది. టికెట్ల కోసం దేశం ఊగిపోయింది. ఆ బ్యాండు నాయకుడు క్రిస్ మార్టిన్ 2019లోనే, కాలుష్యం తగ్గించే దారి కనిపెట్టేదాకా ప్రపంచ యాత్ర చేయబోమని ప్రకటించాడు. 2022లో కోస్టారికాలో మళ్లీ మొదలుపెట్టినప్పుడు ప్రేక్షకులు గంతులేస్తే కరెంటు పుట్టే నేల, తొక్కితే వెలుగునిచ్చే సైకిళ్లు, తిరిగి ఇచ్చేయాల్సిన చేతిపట్టీలు తెచ్చారు. 2016-17 నాటి యాత్రతో పోలిస్తే కర్బన ఉద్గారాలు 59 శాతం తగ్గాయని 2024లో ప్రకటించారు. ఫిన్లాండ్ చమురు కంపెనీ నెస్టేతో పొత్తు పెట్టుకున్నందుకు పర్యావరణవాదులతో తిట్లూ తిన్నారు. మన పక్కనే బెంగళూరులో రికీ కేజ్ ఉన్నారు. దంతవైద్యం చదివి సంగీతంలోకి వచ్చిన ఆయన 2015లో గ్రామీ అందుకున్నాక తన సంగీతమంతా పర్యావరణానికే అన్నారు. ఆయన ‘శాంతి సంసార’ ఆల్బమ్‌ను అదే ఏడాది పారిస్ వాతావరణ సదస్సులో విడుదల చేశారు.

వీళ్లకూ రమణ గోగులకూ ఒక తేడా ఉంది. వాళ్లు వేదిక మీది నుంచే వాతావరణం గురించి మాట్లాడతారు. గోగుల పాటలో ఆ ప్రస్తావనే ఉండదు. ఆయన సినిమా పాటల్లో ప్రేమ, అల్లరి, కుర్రతనం ఉంటాయి. ‘గోదారి గట్టు’ కూడా ఆలుమగల సరసమే. పర్యావరణం ఆయన ఉద్యోగంలో ఉంది, డ్రాయింగుల్లో ఉంది, మోటారు కంట్రోలర్‌లో ఉంది. నాకైతే ఇది ఎక్కువ నచ్చుతుంది. ‘మొక్కలు నాటండి’ అని పాడి, ఏసీ కారెక్కి వెళ్లిపోయే సందేశాలు మనం చాలా చూశాం. ఒక్క పంపు ఒక్క డీజిల్ ఇంజన్‌ను ఆపితే వంద నినాదాలకంటే అదే మేలు.

అయితే ఒక వెలితి ఉంది. పాట వల్ల వచ్చిన పలుకుబడిలో రూపాయి కూడా పంపు ఖాతాలో పడలేదు. ఆ పాటకు పెళ్లి ఊరేగింపుల్లో చిందేసిన రైతుబిడ్డల్లో పాడినాయన తమ పొలానికి పనికొచ్చే యంత్రం మీద పనిచేశాడని ఎంతమందికి తెలుసు? తెలుగునేల మీద పాటకు ఉన్న బలం ఆయనకు తెలియనిది కాదు. నాగర్‌కర్నూల్ పల్లె నుంచి వచ్చిన గోరటి వెంకన్న గొంతెత్తాకే ప్రపంచీకరణ పల్లెకు ఏం చేసిందో మధ్యతరగతి ఇళ్లలో మాట్లాడుకున్నారు. ‘వల్లంకి తాళం’కు 2021 సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చే నాటికే ఆ పాటలు ఊళ్లు తిరిగి వచ్చాయి. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019లో కళాకారులు, సినిమావాళ్లు గొంతు కలిపిన కొద్దిరోజులకే, సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. ఆ అడవి అంచు మన మాచర్ల వైపే ఉంది. యురేనియం కథ కృష్ణకు ఈ ఒడ్డునున్నవాళ్లకూ సంబంధించిందే.

రమణ గోగులను నీతి పాటలు రాయమని ఎవరూ అడగరు. రాస్తే అవి బాగుండకపోయే ప్రమాదమూ ఉంది. ఆయన అల్లరి పాటలే పాడాలి. కానీ మన ప్రీ రిలీజ్ వేడుకలు గంటలకొద్దీ సాగుతాయి. హీరోను పొగడటానికే సగం సమయం పోతుంది. మళ్లీ అలాంటి వేదిక ఎక్కినప్పుడు ఒక్క పది నిమిషాలు మైకు పట్టుకుని పంపు గురించి చెప్పమని ఆయన్ని అడుగుదాం. దానికి ఎంతవుతుంది, ఏ చేనుకు సరిపోతుంది, ఏ చేనుకు సరిపోదు, నీళ్లు ఎక్కువ తోడితే ఏమవుతుంది, ఈ నాలుగు మాటలు చాలు. ఆయన చెబితే కుర్రాళ్లు రీల్ చేస్తారు, రీల్ ఊరికి చేరుతుంది. ఈలోగా లైను లేక డీజిల్ పోసుకుంటున్న బెల్లంకొండ రైతులు రమణ గోగుల కోసం ఎదురుచూడక్కర్లేదు. కరెంటు ఆఫీసుకో, రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ ఎన్‌ఆర్‌ఈడీక్యాప్ కార్యాలయానికో వెళ్లి కుసుమ్ పథకం తమ చేనుకు వర్తిస్తుందో లేదో ఈ ఖరీఫ్ నాట్లకు ముందే అడిగి రావచ్చు.